పెద్దపేగు క్యాన్సర్, మొక్కల మందులు: మీ ప్రశ్నలు, మా జవాబులు

పెద్దపేగు, మలాశయ క్యాన్సర్‌కు ప్రకృతిలో దొరికే పదార్థాలు పనిచేస్తాయా అని అడుగుతూ చాలా ఉత్తరాలు వచ్చాయి. ఎక్కువమందికి ఉపయోగపడే ప్రశ్నలు ఎంచి జవాబులిస్తున్నాం.

ప్రశ్న: మావారికి పెద్దపేగు క్యాన్సర్ మూడో దశ. ఆపరేషన్ అయింది, కీమో మొదలుపెట్టారు. పసుపులోని కర్కుమిన్ కాప్సూల్స్ వేస్తే మళ్లీ రాదని అందరూ అంటున్నారు. మిరియాల సారం కలిపినవైతే ఇంకా బాగా పనిచేస్తాయట. ఇవ్వవచ్చా?

జవాబు: కీమో నడుస్తున్నన్నాళ్లూ వద్దు. మిరియాల సారం కలిపినవైతే అసలే వద్దు. ఎందుకో వివరంగా చెప్తాం, ఎందుకంటే ఈ ఒక్క పదార్థం మీద జరిగినంత పరిశోధన మిగతా వాటి మీద జరగలేదు.

పసుపు బరువులో కర్కుమిన్ ఉండేది సుమారు 2 నుంచి 5 శాతం. మింగిన కర్కుమిన్‌లో చాలాభాగాన్ని పేగు గోడ, కాలేయం కలిసి మార్చేసి బయటికి పంపేస్తాయి. రోజుకు 3.6 గ్రాముల చొప్పున తీసుకున్న రోగుల రక్తంలో కనిపించింది లీటరుకు 11 నానోమోల్ దగ్గర. ప్రయోగశాలలో క్యాన్సర్ కణాలను చంపడానికి సాధారణంగా వాడేది 5 నుంచి 50 మైక్రోమోల్ (ఒక మైక్రోమోల్ అంటే 1,000 నానోమోల్). అంటే రక్తంలో చేరినదానికి 450 రెట్ల నుంచి 4,500 రెట్లు ఎక్కువ. కానీ పెద్దపేగు సంగతి కాస్త వేరు. రక్తంలోకి వెళ్లని కర్కుమిన్ పేగులోనే ఉండిపోతుంది కాబట్టి లోపలి పొరకు నేరుగా తగులుతుంది. అదే 3.6 గ్రాముల మోతాదులో పేగు కణజాలంలో గ్రాముకు సుమారు 7 నుంచి 13 నానోమోల్ కనిపించింది. ఇది ప్రయోగశాల మోతాదుకు దగ్గరే. ఈ క్యాన్సర్ విషయంలో పరిశోధకులు కర్కుమిన్‌ను ఇంకా వదలనిది అందుకే. అయితే వ్యాధి కాలేయానికి పాకిన రోగుల కాలేయ కణజాలాన్ని అదే విధంగా పరీక్షిస్తే అక్కడ కర్కుమిన్ కనిపించలేదు. మీవారి విషయంలో భయం పేగులో మిగిలిన గడ్డ గురించి కాదు, అది తీసేశారు. రక్తంలోనో, శోషరస గ్రంథుల్లోనో, కాలేయంలోనో దాగిన కణాల గురించి. సరిగ్గా అక్కడికే ఇది చేరదు.

ఇక మనుషుల మీద ఫలితాలు. పేగు నిండా వందల పాలిప్స్ (లోపలి పొర మీద పెరిగే చిన్న కణుతులు) వచ్చే వంశపారంపర్య జబ్బు ఒకటి ఉంది. ఆ జబ్బున్న ఐదుగురికి 2006లో కర్కుమిన్, క్వెర్సెటిన్ (మరో మొక్కల పదార్థం) కలిపి ఆరు నెలలు ఇస్తే పాలిప్స్ సంఖ్య 60 శాతం తగ్గింది. పోల్చడానికి డమ్మీ మాత్ర తీసుకున్నవారు అందులో లేరు. ఆ ప్రయోగం చేసిన పరిశోధకురాలి బృందమే 2018లో అదే జబ్బున్న 44 మందిని రెండు గుంపులు చేసి, ఒక గుంపుకు రోజుకు 3 గ్రాముల కర్కుమిన్, రెండో గుంపుకు డమ్మీ మాత్ర ఏడాదిపాటు ఇచ్చింది. పాలిప్స్ సంఖ్యలో గానీ పరిమాణంలో గానీ తేడా లేదు. మొదటి ఫలితం ఇంకా ప్రచారంలో ఉంది, రెండోది ఎవరూ చెప్పడం లేదు.

వ్యాధి ఇతర అవయవాలకు పాకిన 28 మందిలో కీమోతో పాటు రోజుకు 2 గ్రాముల కర్కుమిన్ కలిపి చూసిన ప్రయోగం 2019లో వచ్చింది. కర్కుమిన్ తీసుకున్నవారు ఎక్కువకాలం జీవించినట్టు కనిపించింది. అయితే కీమో మాత్రమే తీసుకున్న గుంపులో ఉన్నది 9 మంది. అంత చిన్న గుంపులో ఇద్దరు ముగ్గురి ఆరోగ్యం అటూ ఇటూ అయినా మొత్తం లెక్క తిరగబడుతుంది. మరింత పెద్ద ప్రయోగానికి అది కారణం కావచ్చు, మీ ఇంట్లో కాప్సూల్ మొదలుపెట్టడానికి కాదు.

మిరియాలలోని పిపెరిన్ సంగతి: 20 మి.గ్రా. పిపెరిన్‌ను 2 గ్రాముల కర్కుమిన్‌తో ఇస్తే రక్తంలో కర్కుమిన్ సుమారు 20 రెట్లు పెరిగిందని 1998లోనే చూపించారు. ఎలా పెరిగింది? మందులను విరిచి బయటికి పంపే కాలేయ, పేగు ఎంజైములను పిపెరిన్ అడ్డుకుంటుంది కాబట్టి. ఆ ఎంజైముల మీదే ఆధారపడిన వాంతుల మందు, రక్తపోటు మాత్ర, రక్తం పలుచబరిచే మందు కూడా ఒంట్లో పేరుకుంటాయి. పైగా పసుపు సప్లిమెంట్ల వల్ల కాలేయం దెబ్బతిన్న కేసులు వైద్య పత్రికల్లో నమోదవుతున్నాయి. వాటిలో కొన్ని పిపెరిన్ కలిపిన రకాలు. కీమో మధ్యలో కాలేయ ఎంజైములు పెరిగితే, అది కీమో వల్లో కాప్సూల్ వల్లో డాక్టరుకు తెలియదు. తేలేదాకా కీమో వాయిదా వేస్తారు. మీకు అసలు నష్టం అక్కడ. ఆహారంలో కలిసే కొద్దిపాటి పసుపుతో ఈ చిక్కు లేదు.

ప్రశ్న: ఫార్మసీ పీజీ ప్రాజెక్టులో ఒక ఆకు సారంతో పనిచేస్తున్నాను. హెచ్‌టీ-29 అనే పెద్దపేగు క్యాన్సర్ కణాలలో 80 శాతం చనిపోయాయి. దీన్ని మందుగా చెప్పుకోవాలంటే ఇంకా ఏం చేయాలి?

జవాబు: ముందు ఆ 80 శాతం నిజమో కాదో తేల్చుకోండి. మీరు వాడింది ఎంటీటీ పరీక్షే (బతికున్న కణాలు ఒక రంగు పదార్థాన్ని ఎంత మార్చాయో చూసేది) అయితే, యాంటీఆక్సిడెంట్ గుణమున్న సారాలు కణాలు లేకుండానే ఆ రంగు పదార్థాన్ని మార్చేస్తాయి. ఆకు సారానికి సొంత రంగు కూడా ఉంటుంది. పరీక్ష ప్లేటులో కణాలు లేని గుంటల్లో సారం, ఎంటీటీ మాత్రమే వేసి చదవండి. ఆ విలువను తీసేశాక మిగిలేదే మీ ఫలితం. తర్వాత కణాల్లోని ప్రోటీన్‌ను కొలిచే ఎస్‌ఆర్‌బీ పరీక్షతోనో, కాలనీలు లెక్కపెట్టడం ద్వారానో మళ్లీ చూడండి. రెండు పద్ధతుల్లో అంకెలు పొంతన కుదరకపోతే మొదటిది నమ్మవద్దు.

సారాన్ని కరిగించిన డీఎంఎస్‌ఓ చివరి ద్రావణంలో 0.5 శాతం దాటకూడదు, 0.1 దగ్గర ఉంటే మంచిది. అంతే డీఎంఎస్‌ఓ కంట్రోల్ (సారం వేయని) గుంటల్లోనూ ఉండాలి. పక్కనే క్యాన్సర్ లేని పేగు కణాలు పెట్టండి. మామూలు కణాలలో సగం చంపే మోతాదును క్యాన్సర్ కణాలలో సగం చంపే మోతాదుతో భాగిస్తే ఎంపిక సూచిక వస్తుంది. అది 1 దగ్గర ఉంటే మీ చేతిలో ఉన్నది అన్ని కణాలకూ విషమే. మైకోప్లాస్మా (పెంచే కణాలకు సోకే సూక్ష్మజీవి) పరీక్ష, కణాల గుర్తింపు పరీక్ష చేయించని ఫలితాలను మంచి పత్రికలు చూడవు.

సారంలో ఏముందో తెలియకపోతే తర్వాతి బ్యాచ్‌లో ఫలితం మారిపోతుంది. ఆకు కోసిన కాలం, ఎండబెట్టిన వేడి, ద్రావణి మారితే పదార్థాలూ మారతాయి. కనీసం ఒక గుర్తు పదార్థాన్ని హెచ్‌పీఎల్‌సీతో (పదార్థాలను విడదీసి కొలిచే పద్ధతి) కొలిచి, ప్రతి బ్యాచ్‌లో ఎంత ఉందో రాసుకోండి. మీడియంలో (కణాలను పెంచే ద్రవంలో) అది ఎంతసేపు నిలుస్తుందో కూడా చూడండి. కర్కుమిన్‌నే తీసుకుంటే, సీరం లేని 7.2 పీహెచ్ ద్రావణంలో 37 డిగ్రీల దగ్గర అరగంటలో 90 శాతం విచ్ఛిన్నమవుతుంది. అలాంటప్పుడు 48 గంటల తర్వాత మీరు కొలిచేది దేని ప్రభావం?

కర్కుమిన్, క్వెర్సెటిన్ లాంటి కొన్ని అణువులు దాదాపు ఏ పరీక్షలో పెట్టినా పనిచేసినట్టు కనిపిస్తాయి. ప్రోటీన్లకు ఎక్కడపడితే అక్కడ అంటుకోవడం, వెలుగు విరజిమ్మడం, ఆక్సీకరణ చర్యలు జరపడం ఇందుకు కారణాలు. మీ పదార్థం ఆ కోవలోది అయితే ఒకే పరీక్ష మీద ఆధారపడి ఏ లక్ష్యాన్నీ ప్రకటించవద్దు.

ఎలుకల దాకా వెళితే మోతాదు లెక్క సరిగా వేయండి. చిట్టెలుకకు కిలోకు ఇచ్చిన మోతాదును 12.3తో భాగిస్తే మనిషికి కిలోకు సమానమైన మోతాదు వస్తుంది. కిలోకు 100 మి.గ్రా. ఇచ్చారంటే మనిషికి 8.1 మి.గ్రా., 60 కిలోల వ్యక్తికి 490 మి.గ్రా. దగ్గర. అది స్వచ్ఛమైన పదార్థం లెక్క. మీ సారంలో ఆ పదార్థం 1 శాతమే ఉంటే రోజుకు 49 గ్రాముల సారం మింగాలి. ఇంకొకటి, పేగులో గడ్డలు వచ్చేలా ఏపీసీ అనే జన్యువు మార్చిన చిట్టెలుకలలో గడ్డలు ఎక్కువగా చిన్నపేగులో వస్తాయి. పెద్దపేగు మందు కోసం వెతుకుతూ ఆ ఒక్క నమూనాతో ఆగిపోవద్దు.

ప్రశ్న: మొక్కల నుంచి వచ్చి, ఈ క్యాన్సర్‌కు ఆసుపత్రుల్లో నిజంగా వాడుతున్న మందు ఒక్కటైనా ఉందా?

జవాబు: ఉంది, ఇరినోటెకాన్. వ్యాధి ఇతర అవయవాలకు పాకినప్పుడు వాడే ప్రధానమైన మందుల్లో అదొకటి. చైనాలో పెరిగే కాంప్టోథెకా అనే చెట్టు నుంచి మన్రో వాల్, మన్సుఖ్ వానీ 1966లో కాంప్టోథెసిన్‌ను వేరుచేశారు. అది నీళ్లలో కరగదు కాబట్టి తొలి ప్రయోగాల్లో సోడియం లవణంగా మార్చి ఇచ్చారు. అలా మార్చితే అణువులోని ఒక వలయం తెరుచుకుని మందు పని పోతుంది. మూత్రంలోని ఆమ్లానికి వలయం మళ్లీ మూసుకుని, మూత్రాశయంలో రక్తస్రావం తెచ్చింది. ఆ ప్రయోగాలు ఆపేయాల్సి వచ్చింది. మందు ఎలా పనిచేస్తుందో 1985లో తెలిసింది: డీఎన్‌ఏ ముడులు విప్పే టోపోఐసోమరేజ్ 1 అనే ఎంజైమును పనిలో ఉండగా బిగబట్టేస్తుంది. నీళ్లలో కరిగేలా మార్చిన ఇరినోటెకాన్‌ను జపాన్‌లో తయారుచేశారు. అమెరికాలో 1996లో ఈ క్యాన్సర్‌కు అనుమతి వచ్చింది. చెట్టు నుంచి మందు దాకా 30 ఏళ్లు.

చెట్టు నుంచి వచ్చింది గనుక మెత్తనిది అనుకోవద్దు. ఒంట్లో ఇది ఎస్‌ఎన్-38 అనే, దీనికన్నా 100 నుంచి 1,000 రెట్లు బలమైన పదార్థంగా మారుతుంది. దాన్ని కాలేయంలోని యూజీటీ1ఏ1 ఎంజైము కట్టడి చేసి పేగులోకి పంపుతుంది. అక్కడ బ్యాక్టీరియా ఆ కట్టు విప్పేస్తే విరేచనాలు. పుట్టుకతోనే ఆ ఎంజైము బలహీనంగా ఉన్నవారిలో తెల్లకణాలు ప్రమాదకరంగా పడిపోతాయి. అందుకే మొదలుపెట్టే ముందు జన్యుపరీక్ష చేయించి మోతాదు తగ్గించే వీలుందా అని మీ డాక్టరును అడగండి. మందు ఎక్కిస్తుండగానో, ఆ రోజేనో వచ్చే విరేచనాలకు, చెమటలకు అట్రోపిన్ ఇస్తారు. ఒక రోజు దాటాక వచ్చే విరేచనాలకు లోపెరమైడ్ ముందే ఇంట్లో ఉంచుకోమంటారు. మొదట 4 మి.గ్రా., ఆ తర్వాత ప్రతి 2 గంటలకు 2 మి.గ్రా., విరేచనం ఆగి 12 గంటలు గడిచేదాకా వేసుకోవడం మామూలు పద్ధతి. 48 గంటలు దాటి కొనసాగించకూడదు. 38 డిగ్రీల జ్వరం తోడైతే ఇంట్లో కూర్చోకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

ప్రశ్న: కొలనోస్కోపీలో (గొట్టం పంపి పెద్దపేగును చూసే పరీక్ష) రెండు పాలిప్స్ తీశారు. బెర్బెరిన్ వాడితే మళ్లీ రావని చదివాను. నిజమేనా?

జవాబు: మొక్కల పదార్థాలలో మాకు గౌరవం కలిగించిన ప్రయోగం ఇదే. దారుహరిద్ర జాతి మొక్కల్లో ఉండే పసుపురంగు పదార్థం బెర్బెరిన్. చైనాలో పాలిప్స్ పూర్తిగా తీయించుకున్న సుమారు 1,100 మందిలో సగం మందికి రోజుకు రెండుసార్లు 300 మి.గ్రా. చొప్పున, మిగతా సగానికి డమ్మీ మాత్ర రెండేళ్ల దాకా ఇచ్చారు. ఫలితం 2020లో వచ్చింది. బెర్బెరిన్ గుంపులో 36 శాతం మందికి, డమ్మీ గుంపులో 47 శాతం మందికి మళ్లీ పాలిప్స్ కనిపించాయి. ఎక్కువగా వచ్చిన ఇబ్బంది మలబద్ధకం, అదీ కొద్దిమందికే.

ఇది పాలిప్స్ లెక్క, క్యాన్సర్ మరణాల లెక్క కాదు. ఉన్న క్యాన్సర్‌ను తగ్గిస్తుందని అసలే కాదు. వేరే దేశాల్లో ఇంత పెద్ద ప్రయోగంతో రుజువయ్యాకే మామూలు చికిత్సలో చేర్చాలని మా అభిప్రాయం. గర్భిణులకు, పాలిచ్చే తల్లులకు, పసిపిల్లలకు ఇది నిషిద్ధం. బిలిరుబిన్ (కామెర్లు తెచ్చే పదార్థం) పెరిగి శిశువు మెదడు దెబ్బతినే ప్రమాదముంది. మధుమేహం మాత్రలతో కలిపితే చక్కెర మరీ పడిపోవచ్చు. సైక్లోస్పోరిన్ (రోగనిరోధక శక్తిని అణచే మందు) వాడేవారు జోలికి పోకూడదు.

మీకు ఇంతకన్నా ముఖ్యమైనది తర్వాతి కొలనోస్కోపీ తేదీ. తీసినవి 10 మిల్లీమీటర్లకన్నా చిన్నవైన ఒకటి రెండు మామూలు అడినోమాలైతే (క్యాన్సర్‌గా మారే అవకాశమున్న పాలిప్స్) 7 నుంచి 10 ఏళ్లకు, మూడు నాలుగైతే 3 నుంచి 5 ఏళ్లకు, 10 మిల్లీమీటర్లు లేదా అంతకు పెద్దదైతే 3 ఏళ్లకు చూడమని అమెరికా వైద్య సంఘాల 2020 సూచన. బయాప్సీ రిపోర్టులో రకం, పరిమాణం చూసి తేదీ రాయించుకోండి. పేగు సరిగా శుభ్రం కాలేదని రిపోర్టులో ఉంటే ఈ గడువులు వర్తించవు, ఇంకా ముందే చేయించుకోవాలి.

ప్రశ్న: మా అమ్మకు పెద్దపేగులో గడ్డ ఉంది, ఇంకా పాకలేదు. ఆపరేషన్ వద్దు, మూలికలతోనే నయం చేసుకుంటానంటోంది. ఆరు నెలలు చూసి అప్పుడు చేయించవచ్చా?

జవాబు: చూడవద్దు. పేగు గోడ దాటని దశలో ఆపరేషన్ చేయించుకున్నవారిలో పదిమందిలో సుమారు తొమ్మిదిమంది ఐదేళ్లు దాటి బతుకుతున్నారు. నయమయ్యే క్యాన్సర్‌లను తీసుకుని, చికిత్స మానేసి ప్రత్యామ్నాయ పద్ధతులనే నమ్ముకున్నవారిని, చికిత్స చేయించుకున్నవారిని అమెరికాలో పోల్చి 2018లో ప్రచురించారు. పెద్దపేగు, మలాశయ క్యాన్సర్‌లో మరణించే ప్రమాదం నాలుగున్నర రెట్లు ఎక్కువ. ఆరు నెలల్లో గడ్డ పేగును మూసేయవచ్చు. అప్పుడు అత్యవసరంగా కోయాల్సి వస్తుంది, పొట్ట మీద మలం సంచి పెట్టాల్సి రావచ్చు.

వాదనకు దిగకుండా అమ్మగారి భయం దేని గురించో అడగండి. చాలామందికి భయం మత్తు గురించో, సంచి గురించో, కీమో గురించో ఉంటుంది. పాకని గడ్డకు చాలాసార్లు ఆపరేషన్ ఒక్కటే సరిపోతుంది, కీమో అక్కర్లేదు. ఈ మాట సర్జన్ నోట ఆమె స్వయంగా వినేలా చూడండి. నమ్మిన మూలిక ఏదైనా ఉంటే దాని పేరు డాక్టరుకు చెప్పి, ఆపరేషన్‌కు రెండు వారాల ముందు ఆపితే చాలని ఒప్పించండి. ఆమె పూర్తిగా వదులుకోవాల్సిన పనిలేదని తెలిస్తే దారికి రావడం తేలిక.

ప్రశ్న: కీమో సమయంలో ఏ సప్లిమెంట్లు ప్రమాదం? డాక్టరుకు ఎలా చెప్పాలి?

జవాబు: ముందుగా ఎవరూ అనుమానించనిది, ఫోలిక్ యాసిడ్. ఈ క్యాన్సర్‌కు వాడే కీమో మందులు కేపెసిటాబిన్ మాత్రలు, 5-ఎఫ్‌యూ ఇంజెక్షన్ పనిచేసే చోటే ఫోలేట్ వాటి పట్టును బిగిస్తుంది. డాక్టర్లు ల్యూకోవోరిన్ అనే ఫోలేట్‌ను 5-ఎఫ్‌యూతో కావాలనే ఇస్తారు, కానీ లెక్కకట్టి. మీరు బలానికి వేసుకునే మల్టీవిటమిన్‌లో ఫోలిక్ యాసిడ్ ఉంటే ఆ లెక్క తప్పుతుంది. నోటిపూత, విరేచనాలు, అరచేతులు అరికాళ్లు ఎర్రబడి పొలుసులూడడం ఎక్కువవుతాయి. సీసా వెనక ఫోలిక్ యాసిడ్, ఫోలేట్, విటమిన్ బి9 అనే మూడు పేర్లనూ వెతకండి.

దిగులుకు వాడే సెయింట్ జాన్స్ వోర్ట్ అనే మూలిక ఇందుకు వ్యతిరేకం. రోజుకు 900 మి.గ్రా. వేసుకున్న రోగుల్లో ఇరినోటెకాన్ నుంచి వచ్చే ఎస్‌ఎన్-38 రక్తంలో 42 శాతం తగ్గిపోయింది. బాధ ఏమీ తెలియదు, కీమో మాత్రం సగం వృథా అవుతుంది. ఆపాక కూడా రెండు మూడు వారాలు ఆ ప్రభావం ఉంటుంది కాబట్టి కీమో ముందురోజు ఆపితే చాలదు. రక్తం పలుచబరిచే వార్ఫరిన్ వాడేవారికి కేపెసిటాబిన్ ఒక్కటే రక్తస్రావం తెచ్చేంత ప్రమాదం, దానిమీద వెల్లుల్లి, జింకో, చేపనూనె కాప్సూల్స్ వేయవద్దు.

డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు ఇంట్లో ఉన్న సీసాలు, పొట్లాలు, పొడులు అన్నీ ఒక సంచిలో వేసుకుని వెళ్లండి. పేరు చెప్తే సరిపోదు, ఒకే పేరుతో పదిరకాల మిశ్రమాలు ఉంటాయి. ప్రతిదానికీ ఎంత, రోజుకు ఎన్నిసార్లు, ఎప్పటినుంచి అని కాగితం మీద రాయండి. "ఏమైనా మందులు వాడుతున్నారా" అని అడిగితే చాలామంది ఇవి మందులు కావనుకుని లేదంటారు. కొత్తది ఏదైనా మొదలుపెట్టాలంటే డాక్టరు ఒప్పుకున్నాక, ఒకసారి ఒక్కటే మొదలుపెట్టండి. రెండు కలిపితే దద్దురు దేనివల్ల వచ్చిందో తేలదు. లేబుల్ మీద పదార్థాల పేర్లు, మోతాదు లేని పొడిని వాడకండి.

ప్రశ్న: ఆస్పిరిన్ కూడా చెట్టు నుంచి వచ్చిందే కదా, అందరూ వేసుకోవచ్చా?

జవాబు: విల్లో బెరడులోని సాలిసిన్ దారిలో వచ్చిందే. అందరూ వేసుకోకూడదు. లించ్ సిండ్రోమ్ అనే వంశపారంపర్య లోపమున్న 861 మందితో చేసిన ప్రయోగంలో రోజుకు 600 మి.గ్రా. తీసుకున్నవారికి పెద్దపేగు క్యాన్సర్ దీర్ఘకాలంలో సుమారు 35 శాతం తగ్గింది. ఆ తేడా కనబడడానికి ఏళ్లు పట్టింది. ఆపరేషన్ అయినవారిలో గడ్డ జన్యుపరీక్షలో పీఐకే3సీఏ జన్యువు కీలకచోట్ల మారి ఉంటే, రోజుకు 160 మి.గ్రా. మూడేళ్లు ఇచ్చినప్పుడు వ్యాధి తిరగబెట్టడం 14.1 నుంచి 7.7 శాతానికి తగ్గిందని 2025లో వచ్చిన ప్రయోగం చూపింది. ఈ రెండు గుంపుల్లో ఒకదానిలో మీరుంటే డాక్టరుతో మాట్లాడండి. 70 దాటిన ఆరోగ్యవంతులకు 100 మి.గ్రా. ఇచ్చి చూసిన 19,000 మంది ప్రయోగంలో మాత్రం క్యాన్సర్ మరణాలు తగ్గకపోగా పెరిగాయి. పుండ్లు, కడుపులో రక్తస్రావం వచ్చినవారు, కీమోలో ప్లేట్‌లెట్లు పడిపోయినవారు సొంతంగా వేసుకోకూడదు.

ప్రశ్న: గ్రీన్ టీ సారం మాత్రలు?

జవాబు: జర్మనీలో పాలిప్స్ తీయించుకున్నవారికి ఈజీసీజీ (గ్రీన్ టీలోని ముఖ్య పదార్థం) 150 మి.గ్రా. రోజుకు రెండుసార్లు మూడేళ్లు ఇచ్చారు. మళ్లీ పాలిప్స్ వచ్చినవారు 51 శాతం, డమ్మీ గుంపులో 56 శాతం. ఆ తేడా యాదృచ్ఛికం కావచ్చు. రోజుకు 800 మి.గ్రా. ఈజీసీజీ చేరితే కాలేయ ఎంజైములు పెరగవచ్చు. మాత్రలు వద్దు.

ప్రశ్న: ఆప్రికాట్ గింజల్లో "విటమిన్ బి17" ఉందట.

జవాబు: అలాంటి విటమిన్ లేదు. ఆ గింజల్లో ఉన్నది అమిగ్డలిన్, పేగులోని బ్యాక్టీరియా దాన్ని విరిస్తే సైనైడ్ వస్తుంది. దాని రూపమైన లాట్రైల్‌ను 178 మంది క్యాన్సర్ రోగులకు ఇచ్చి చూసి 1982లో ప్రకటించారు: గడ్డలు తగ్గలేదు, కొందరి రక్తంలో సైనైడ్ ప్రమాదస్థాయికి చేరింది. పెద్దవాళ్లకు కూడా మూడు చిన్న పచ్చిగింజలు దాటితే సురక్షితం కాదని ఐరోపా ఆహార భద్రతా సంస్థ హెచ్చరిక. గింజలు తిన్నాక తలనొప్పి, తల తిరగడం, ఆయాసం వస్తే అత్యవసర విభాగానికి వెళ్లి గింజలు తిన్న సంగతి ముందే చెప్పండి.

ప్రశ్న: విటమిన్ సి సెలైన్ ఎక్కించుకోమంటున్నారు.

జవాబు: నోటితో ఎంత తీసుకున్నా రక్తంలో విటమిన్ సి ఒక హద్దు దాటదు, నరంలోకి ఇస్తే దాటుతుంది. అందుకే దీన్ని పరీక్షించారు. పాకిన వ్యాధి ఉన్న 442 మందిలో సగం మందికి కీమోతో పాటు కిలోకు 1.5 గ్రాముల చొప్పున, అంటే 60 కిలోల మనిషికి 90 గ్రాములు, ప్రతి విడతలో మూడు రోజులు ఇచ్చారు. వ్యాధి ముదరకుండా ఆగిన కాలం 8.6 నెలలు, కీమో మాత్రమే తీసుకున్నవారికి 8.3 నెలలు. ఆర్‌ఏఎస్ జన్యువు మారినవారిలో కొంత మేలు కనిపించింది, దాన్ని విడిగా పరీక్షించాలి.

ఎక్కడైనా ఎక్కించుకోవాల్సి వస్తే ముందు జీ6పీడీ పరీక్ష తప్పనిసరి. ఆ ఎంజైము లోపమున్నవారిలో ఎర్రకణాలు పగిలిపోతాయి. కిడ్నీ జబ్బు, రాళ్లు ఉన్నవారికి వద్దు. మధుమేహం ఉంటే ఇంకో ప్రమాదం: ఎక్కించిన తర్వాత చాలా గంటలు కొన్ని గ్లూకోమీటర్లు లేని చక్కెరను చూపిస్తాయి. ఆ అంకె చూసి ఇన్సులిన్ వేసుకుంటే స్పృహ తప్పవచ్చు. ఆ రోజు చక్కెరను ల్యాబ్‌లోనే చూపించుకోండి.